మామిడిచెట్టు ఉంచుకుని కొత్త ఇల్లు కట్టడం కుదురుతుందా? (తెనాలి దగ్గర, 12 సెంట్లు, నల్లమట్టి)

తెనాలి కోడలు:

నమస్కారం అండి. తెనాలికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మా అత్తగారి ఊరు. పాత పెంకుటిల్లు పోయిన వేసవిలో తీయించేశాం. స్థలం 12 సెంట్లు, తూర్పు రోడ్డు. రోడ్డు వెంబడి 60 అడుగులు, లోపలికి 87. కింద మామూలుగా ఇల్లు, పైన రెండు గదులు, అంతే మా ఆలోచన. మావారి ఉద్యోగం హైదరాబాద్‌లో, నాది ఇక్కడే బ్యాంకులో. కాబట్టి కట్టుబడి చూసుకునేది నేనే.

స్థలంలో రెండు పెద్ద చెట్లున్నాయి. ఒకటి పెద్దరసం మామిడి, మామయ్యగారు 1978లో నాటారట. 77 నవంబరు గాలివానకి అంతకుముందున్న చెట్టు పడిపోతే ఆ గుంటలోనే మొక్క పెట్టారని అత్తయ్య చెబుతారు. ఇది రోడ్డు నుంచి 32 అడుగులు, ఉత్తరం గోడ నుంచి 18 అడుగులు. రెండోది వేప. అది ఇంకా పాతది, ఆ గాలికి కూడా ఒరగలేదట. వెనక పడమటి గోడకి 14 అడుగులు, దక్షిణం గోడకి 12 అడుగులు.

ముగ్గురిని అడిగితే మూడు మాటలు. మేస్త్రీ రెండూ కొట్టేద్దాం అంటాడు. వాస్తు చూసే ఆయన ఈశాన్యంలో బరువు ఉండకూడదు, మామిడి తీయాల్సిందే, వేప నైరుతిలో ఉంది కాబట్టి ఫర్వాలేదు అంటారు. ప్లాను గీస్తున్న అబ్బాయి చదువు ఈమధ్యే అయింది, మహా హుషారు. మామిడి చుట్టూ 12 అడుగుల చదరం వదిలేసి నాలుగు వైపులా గాజు పెట్టి, ఇంటి మధ్యలో చెట్టు ఉన్నట్టు కంప్యూటర్‌లో బొమ్మ చేసి చూపించాడు. నిజం చెప్పొద్దూ, ఆ బొమ్మ చూశాక రెండు రోజులు అదే కళ్లలో మెదిలింది. అత్తయ్య మాత్రం "చెట్టు కొడితే గృహప్రవేశానికి నన్ను పిలవకండి" అని ఒక్కమాట అని ఊరుకున్నారు.

నేను తెలుసుకోవాలనుకున్నవి రెండు. ఆ గాజు పద్ధతి మన ఊళ్లలో నిలుస్తుందా? వేళ్లు వచ్చి పునాది పగలగొడతాయన్నది నిజమా?

పని అయితే మొదలైపోతోంది. మా వీధికి రెండుసార్లు సిమెంటు రోడ్డు వేశాక స్థలం రెండున్నర అడుగులు పల్లమైంది. మెరక తోలించడానికి ట్రాక్టర్లు మాట్లాడేశాం, ఆదివారం నుంచి తోలతారు. దానికీ చెట్లకీ సంబంధం లేదనుకోండి, ఎంత దాకా వచ్చిందో తెలుస్తుందని చెప్పా.

మెరక బాధితుడు (భీమవరం):

అమ్మా, ముందు ఆ ట్రాక్టర్ల వాడికి ఫోన్ చేసి ఆపు. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నా పేరు చూశావుగా, సరదాకి పెట్టుకున్నది కాదు. 2011లో మేం ఇల్లు కట్టాం. పెరట్లో మా నాన్న నాటిన మామిడి ఉండేది. దాన్ని ఎంత అపురూపంగా చూశామంటే, ఒక కొమ్మ అడ్డొస్తోందని సన్‌షేడ్‌నే రెండు అడుగులు కోయించా. పిట్టగోడ దగ్గర కొమ్మ కోసం వంకీ తీయించా. బంధువులు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లేవాళ్లు. స్థలం మాత్రం మూడు అడుగులు మెరక చేయించా. మాను చుట్టూ రెండు అడుగులు వదిలి ఇటుకలతో వలయం కట్టించి, చెట్టుకి ఏమీ కాలేదని సంబరపడ్డా.

మొదటి ఏడు కాపు విరగకాసింది. చుట్టాలందరికీ బుట్టలు పంపాం. చావబోయే చెట్టు ఒక్కోసారి అలా కాస్తుందని తర్వాత తెలిసింది. రెండో ఏడు ఆకు చిన్నదైపోయింది, పైకొమ్మలు ఎండటం మొదలైంది. ఎరువన్నారు వేశా, మందన్నారు కొట్టా. 2014 వేసవికి మోడు. తవ్వించి చూస్తే వేళ్లు నల్లగా, మురుగు కాలవ వాసన.

జరిగింది ఇదీ. నీళ్లూ గాలీ పీల్చే సన్నవేళ్లలో ఎక్కువ భాగం పైన అడుగున్నర, రెండు అడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మలు పరుచుకున్నంత మేరా, అది దాటి కూడా పోతాయి. వాటి మీద మూడు అడుగుల బంకమట్టి పోసి జేసీబీతో తొక్కించాం. మాను దగ్గర రెండు అడుగుల వలయం వదిలితే ఏం లాభం, ముక్కు వదిలేసి మనిషిని నిలువునా పాతినట్టుంది నా పని. కొమ్మకి వంకీ తీసిన నాకు కాళ్ల కింద చూడాలని తోచలేదు.

ఇక లెక్క. ఒక టేపు తీసుకుని ఛాతీ ఎత్తులో, అంటే నాలుగున్నర అడుగుల దగ్గర, మాను చుట్టుకొలత అంగుళాల్లో తియ్యి. 3.14తో భాగిస్తే మందం వస్తుంది. మందానికి పన్నెండు రెట్లు మాను నుంచి అన్ని వైపులా వదలాలని బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ప్రమాణం పెట్టుకున్నారు. పన్నెండు రెట్లంటే మనకి ఇంకా సులువు: మాను మందం ఎన్ని అంగుళాలో అన్ని అడుగులు. కొలిచి చెప్పు, ఇక్కడే గీద్దాం.

సిమెంటు బస్తా:

ఊరికే చాదస్తం. కొట్టేసి పది మొక్కలు నాటండి, అయిదేళ్లలో కాపుకొస్తాయి. పెద్ద చెట్టుంటే కోతులు, ఎర్రచీమలు, స్లాబ్ మీద ఆకు, పైపులు మూసుకుపోయి గోడలు చెమ్మ. గాలివానొస్తే కొమ్మ నెత్తిన పడుతుంది. 2014లో హుద్‌హుద్‌కి విశాఖలో చెట్లన్నీ ఎలా పడ్డాయో చూశాం. సెంటిమెంటుకి పోయి సెంట్లు పోగొట్టుకోకండి.

తెనాలి కోడలు:

ట్రాక్టర్లు ఆపించాను బాబాయ్ గారూ. అడ్వాన్సు అడగలేదు, మంచివాడే.

కొలిచాను. మామిడి చుట్టుకొలత 6 అడుగుల 4 అంగుళాలు, అంటే 76 అంగుళాలు. వేప 63. మందం 24, 20. మీ లెక్కన మామిడికి 24 అడుగులు, వేపకి 20. అన్ని వైపులా 24 అడుగులంటే అటూ ఇటూ కలిపి 48. నా స్థలం వెడల్పే 60! ఇంక ఇల్లెక్కడ కట్టను? కాగితం మీద గుండ్రాలు గీసి అలా చూస్తూ కూర్చున్నా. బస్తా గారి మాటే నిజమేమో అనిపించింది.

మెరక బాధితుడు (భీమవరం):

కంగారు పడకు. నువ్వు ఇచ్చిన కొలతలతో నేనూ గీశా.

మామిడి గుండ్రం ఉత్తరం గోడ దాటి ఆరు అడుగులు పక్కింట్లోకి పోతుంది. రోడ్డు వైపు ఎనిమిది అడుగులు మిగులుతుంది. దక్షిణం వైపు, గోడ వరకూ 18 అడుగుల పట్టీ మిగిలింది. వెనక వాయవ్యం మూలలో సుమారు 28 అడుగులు, 31 అడుగుల ముక్క ఇంకోటి మిగిలింది. ఈ పట్టీకీ ఆ ముక్కకీ మధ్యలో రెండు గుండ్రాలూ దగ్గరికొస్తాయి, కానీ తగలవు. మానుకీ మానుకీ 51 అడుగుల దూరం. 24, 20 తీసేస్తే ఏడు అడుగుల సందు. వరండా కావాలన్నా, మెట్లు కావాలన్నా చక్కగా సరిపోయే సందు!

దక్షిణం పట్టీలో ముందు కారు, దాని వెనక వంటిల్లూ హాలూ. సందులో వరండా. వాయవ్యంలో పడకగదులు. ఇల్లు మామిడిని రెండు వైపుల నుంచి పట్టుకున్నట్టు ఉంటుంది, ప్రతి గదికీ చెట్టు కనిపిస్తుంది. గాజు పెట్టె ఎందుకు?

ఆ పెట్టె సంగతి కూడా చెబుతా. 12 అడుగుల చదరమంటే మానుకి ఎటు చూసినా ఆరే అడుగులు. నాలుగు వైపులా పునాది గోతులు తీస్తే నాలుగు కాళ్లూ విరిచి అద్దాల బీరువాలో కూర్చోబెట్టినట్టు. మన మండువా లోగిళ్లలాగా కదా అంటాడేమో ఆ అబ్బాయి. మండువాలో వాన పడేది, తులసికోట ఉండేది. మామిడిని అందులో పెట్టిన వాళ్లని నేను చూడలేదు. పైగా పూత టైములో తేనెమంచు పురుగు పడితే గాజంతా జిగురే. ఎవరు తుడుస్తారు? నువ్వే.

ఇనుప చువ్వ (విజయవాడ, స్ట్రక్చరల్):

వదినా, నేను స్ట్రక్చరల్ ఇంజినీర్ని కాబట్టి పునాది సంగతి నేను చెబుతాను. బస్తా గారి మాట కూడా కొట్టిపారేయను, ఆకుల గురించి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

వేళ్లు పునాదిని గుద్ది పగలగొట్టడం మామిడి, వేపల్లో అరుదు. మర్రి, రావి, మేడి అయితే భయపడాలి, వాటి వేళ్లు గోడ పగుళ్లలో దూరి లావెక్కుతాయి. మీకు అసలు ఇబ్బంది నల్లమట్టితో. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పెద్ద చెట్టు ఎండాకాలం ఆ మట్టిలో తేమ లాగేస్తుంది, అప్పుడు పక్కనున్న గోడ దిగుతుంది, పగులు వస్తుంది. దాన్ని చూసి వేరు పగలగొట్టిందంటారు.

అయితే చెట్టు కొట్టేస్తే ఈ బెడద పోతుందనుకోకండి. యాభై ఏళ్లుగా చెట్టు ఎండగట్టిన మట్టి, చెట్టు పోయాక మెల్లగా నీళ్లు తాగి ఉబ్బుతుంది. దానికి కొన్నేళ్లు కూడా పట్టొచ్చు. కొట్టిన ఏడాదే దాని మీద ఇల్లు కడితే పునాది పైకి లేస్తుంది. బస్తా గారూ, మీ సలహాలో ఈ ముక్క లేదు.

మీ మట్టికి గోతులు తవ్వే ఫుటింగులు వద్దు, అండర్ రీమ్డ్ పైల్స్ వేయించండి. రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు నల్లమట్టి కోసమే తయారుచేసిన పద్ధతి. చేత్తో తిప్పే ఆగర్‌తో సన్నటి బోరు వేసి, అడుగున ఉల్లిగడ్డలా వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. లోతు నల్లమట్టిలో కనీసం 3.5 మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు పోవాలి. మట్టి ఉబ్బినా ఎండినా అంత కిందికి దాని ప్రభావం పెద్దగా చేరదు. చెట్టుకీ ఇదే మేలు. నాలుగు వైపులా కాలవ తవ్వితే వేళ్లన్నీ తెగుతాయి, బోరు అయితే చిన్న రంధ్రం. లావుపాటి వేరు తగిలితే బోరు కొంచెం పక్కకి జరుపుతాం, ఎంత జరపొచ్చో మీ ఇంజినీరు ముందే లెక్క వేసి పెట్టాలి. పైన గోడల్ని మోసే ప్లింత్ బీములు నేలకి ఆనకుండా మూడు అంగుళాలు పైకి ఉంచాలి. చాలామంది మేస్త్రీలు ఆ ఖాళీలో ఇసుక కొట్టి కూరేస్తారు. దగ్గరుండి చూసుకోండి.

బాబాయ్ గారు గీసిన గీతని నేను కాస్త సడలిస్తాను. ఆ గుండ్రం విస్తీర్ణంలో పదో వంతు దాకా ఒక పక్క పోయినా ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఓర్చుకుంటుందని ఆస్ట్రేలియా ప్రమాణమే చెబుతుంది. అంటే దక్షిణం పట్టీని నాలుగు అడుగులు లోపలికి జరపొచ్చు. అక్కడ పైల్స్ మీదే స్లాబ్ నిలబడాలి, కింద మెరక పోయొద్దు, ఖాళీగా వదిలి కుక్కలు దూరకుండా జాలీ పెట్టండి. మానుకి పది అడుగుల లోపు మాత్రం పార కూడా వేయొద్దు. చెట్టుని నిలబెట్టే మోకుల్లాంటి లావు వేళ్లు అక్కడే ఉంటాయి. హుద్‌హుద్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, డ్రైనేజీ గొట్టం కోసమో ప్రహరీ కోసమో ఒక పక్క వేళ్లు నరికిన చెట్టు పెద్ద గాలికి ముందుగా ఒరుగుతుంది.

మెరక ఇంటి కింద మాత్రమే. చెట్టు పాత లెవెల్‌లోనే ఉండాలి. అప్పుడు అది పల్లంలో పడుతుంది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీళ్లు నిలుస్తాయి. ఇది తప్పించుకోలేని తలనొప్పి. సైడు కాలవ లెవెల్ చూడండి. అందితే గొట్టం, అందకపోతే మూలలో చిన్న గుంట తీసి అర హెచ్‌పీ మోటారు. సెప్టిక్ ట్యాంకు మాత్రం ఆ గుండ్రాల్లోకి రానివ్వకండి.

కట్టేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఎక్కడ నీడ ఉంటే అక్కడే సిమెంటు కలుపుతారు, ఇనుము వంచుతారు, ఇసుక లారీ ఆపుతారు. అంటే మామిడి కిందే! సిమెంటు నీళ్లు మట్టిని సున్నంలా చేస్తాయి. గుండ్రం చుట్టూ సర్వీ కర్రలు పాతి గ్రీన్ మ్యాట్ కట్టించండి, మొదటి రోజే.

తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఆవరణ వీలైతే చూసి రండి, ఆర్కిటెక్టు లారీ బేకర్ గారు కట్టింది. చెట్టు అడ్డొచ్చిన చోట గోడని వంచుకుపోవడం ఆయన అలవాటు. ఫ్రాన్స్‌లో కాప్ ఫెరే దగ్గర 1998లో లకాటన్, వసాల్ అనే ఆర్కిటెక్టులు కట్టిన ఇల్లయితే స్తంభాల మీద ఇసుక దిబ్బ తాకకుండా నిలబడుతుంది. పైన్ చెట్లు ఇంట్లోంచి దూసుకుపోతాయి. గాలికి చెట్టు ఊగినా కప్పుకి తగలకుండా చుట్టూ రబ్బరు పట్టీలు. నిటారుగా ఒంటి స్తంభంలా పెరిగే పైన్‌తో అది కుదిరింది. తొమ్మిది అడుగులకే చేతులు చాపే మామిడితో ఆ ప్రయోగం వద్దు.

సిమెంటు బస్తా:

పైకి లేస్తుందన్న సంగతి నాకు తెలియదు. మా బావమరిది ఇంటికి రెండేళ్లకే గచ్చు ఉబ్బింది, చింతచెట్టు కొట్టించి కట్టాడు. ఇప్పుడు అర్థమవుతోంది. కోతుల గురించి మాత్రం నా మాట నాదే.

మెరక బాధితుడు (భీమవరం):

కోతులు మా ఇంటికీ వస్తాయి, చెట్టు లేకుండానే. ట్యాంకు మూత తీస్తాయి.

ఇంకో మాటమ్మా. మనసు మార్చుకుని ఏ చెట్టైనా తీయాలనుకున్నా, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. ఏ చెట్టుకి అనుమతి కావాలో పంచాయతీలో అడిగి రాతపూర్వకంగా తీసుకో. కొమ్మలు తగ్గించాలంటే కాపు అయిపోయాక జూన్, జులైలో తీయించు, కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయించు.

తెనాలి కోడలు:

ఇరవై రోజులైంది, జరిగింది చెబుతాను.

ప్లాను అబ్బాయికి మీ మాటలన్నీ చూపించా. కాసేపు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. మర్నాడు తనే తాడూ మేకూ పట్టుకొచ్చి మామిడి మానుకి తాడు కట్టి 24 అడుగుల దూరంలో ముగ్గు పోసుకుంటూ తిరిగాడు. తర్వాత వేపకి. నేల మీద చూస్తే కాగితం మీద కంటే నమ్మకంగా ఉంది. రెండు ముగ్గు గీతల మధ్య సందులో నిలబడి చేతులు చాపితే అటూ ఇటూ ఇంకా చోటుంది. అత్తయ్య గుమ్మం లేని ఇంటి అరుగు మీద కూర్చుని అంతా చూసి, "ఇల్లు కడుతున్నారా, ప్రదక్షిణ దారి వేస్తున్నారా" అన్నారు.

కొత్త ప్లాను వచ్చింది. దక్షిణం వైపు, గోడ దగ్గర నాలుగు అడుగుల సందు వదిలి చువ్వ గారు సడలించిన నాలుగు అడుగులూ గుండ్రంలోకి జరిగితే, 35 అడుగుల పొడవు, 18 వెడల్పు. వెనక 27, 24. వరండా కాక సుమారు 1280 చదరపు అడుగులు. మొదట అనుకున్నదానికంటే ఒక గది తక్కువ. ఆ గదిలో ఎవరుంటారని అడిగితే మా ఇద్దరికీ జవాబు దొరకలేదు, వదిలేశాం.

వాస్తు ఆయన సంగతి వినండి. ఈశాన్యం అంతా కట్టుబడి లేకుండా వదిలాం, మీరు చెప్పినట్టే ఖాళీ కదా అని మావారు అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, సరే కానీ గుమ్మానికి ఎదురుగా మాను వస్తే వేధ, అంటే అడ్డు దోషం, అన్నారు. హాలుకి ఉత్తరం గుమ్మం పెడుతున్నాం, దాన్ని పది అడుగులు పడమటికి జరిపాం. ఇప్పుడు గుమ్మంలోంచి చూస్తే మాను కనపడదు, తొంగి చూస్తే కనిపిస్తుంది. వంటిల్లు ఆగ్నేయంలోనే పడింది కాబట్టి ఆయన ఇంకేమీ అనలేదు.

పైల్స్ వేసే వాళ్లు వచ్చారు. మూడో బోరుకి నా మణికట్టంత వేరు తగిలింది. మేస్త్రీ గొడ్డలి తెమ్మన్నాడు. నేను సెలవు పెట్టి అక్కడే ఉన్నా కాబట్టి సరిపోయింది. ఎనిమిది అంగుళాలు పక్కకి జరిపారు. అంతకుముందు రోజు కాంక్రీటు మెషిన్ కడిగిన నీళ్లన్నీ గ్రీన్ మ్యాట్ కింద నుంచి లోపలికి వదిలేశారు, నేను బ్యాంకులో ఉన్నా. పై మట్టి రెండు అంగుళాలు గీరించి పారబోయించాను. సరిపోతుందో లేదో, చువ్వ గారూ?

సైడు కాలవ మా పాత లెవెల్ కంటే అరడుగు పైనే ఉంది. మోటారు తప్పదు.

ఇప్పుడు కొత్త టెన్షన్. గుండ్రం ఆరు అడుగులు ఉత్తరం పక్కింట్లోకి పోతుందన్నారు కదా. ఆయన స్థలం అమ్మకానికి పెట్టారు. కొనేవాళ్లు ప్రహరీ కడతారు, మెరకా తోలతారు. ఏం చేయాలి?

ఇనుప చువ్వ (విజయవాడ, స్ట్రక్చరల్):

గీరించింది చాలు వదినా, ఆ చోట రెండు మూడు సార్లు మంచినీళ్లు బాగా పారించి, పైన ఎండుటాకులు పరిపించండి. పక్కింటి వైపు: మీ ఇంటి వైపు నాలుగు అడుగులు జరుపుకోమన్నాను కదా, ఉత్తరం వైపు వేళ్లు పోయే ప్రమాదం ఉంటే ఆ సడలింపు వద్దు. రెండు పక్కలా కోత పడకూడదు. పట్టీలో బోర్లు ఇంకా ఎన్ని మిగిలాయో చెప్పండి, వాటిని వెనక్కి జరపగలమేమో లెక్క వేద్దాం.

మెరక బాధితుడు (భీమవరం):

అమ్మకం అయ్యే లోపే ఆయన దగ్గరికి వెళ్లి మాట్లాడు. ఆ చివర ప్రహరీకి పునాది గోడ బదులు స్తంభాలు నిలబెట్టి పలకలు దింపే రెడీమేడ్ గోడ వేస్తే ఖర్చులో సగం మీరే పెట్టుకుంటామని చెప్పు. అత్తయ్యగారిని వెంట తీసుకెళ్లు. పెద్దరసాలు ఎన్నేళ్లుగా ఆ ఇంటికి పంపుతున్నారో ఆవిడకి లెక్క ఉండే ఉంటుంది.

తెనాలి కోడలు:

మూడు బోర్లు మిగిలాయి. రేపు ఉదయం పని ఆపించి కొలతలు పంపిస్తాను. పక్కింటికి సాయంత్రం వెళ్తున్నాం. అత్తయ్య ఇప్పటికే పోయినేడాది ఊరగాయ జాడీ ఒకటి తీసి తుడుస్తున్నారు.